పొద్దున పూట తియ్యగా ఉండే సముద్రం

నా రాతబల్ల మీద, పుస్తకాల వరుసకు ఒక చివర, అరచేతిలో ఇమిడే ఆకుపచ్చని గాజుసీసా ఒకటి ఉంది. ఒకప్పుడు అందులో మోకాళ్ళ నొప్పులకు రాసుకునే తైలం ఉండేది. ఇప్పుడేమీ లేదు, అడుగున మాత్రం ఎండిన నాచు చారలాగా పల్చని పచ్చటి వలయం ఒకటి అంటుకొని ఉంది. బెండుబిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మొదట పాత తైలపు ఘాటు, దాని వెనుక నుంచి నిలవనీటి వాసన, తడిసిన రాతిమెట్ల వాసన, కార్తీకపు మంచు వాసన ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఇంట్లోవాళ్ళకు ఆ వాసనలేవీ తెలియవు. వాళ్ళ దృష్టిలో అది ఎప్పుడో పారవేయవలసిన ఖాళీ సీసా. మా పాత ఇంట్లో దానిని దేవుని గూట్లో, దీపం పక్కన, సముద్రమని పెట్టి పసుపు కుంకుమలతో పూజించిన దినాలు నాకొక్కడికే గుర్తున్నాయి.

చిలమత్తూరుకు కొంత దూరంలో, కన్నడసీమ గుట్టలు నీలంగా కనిపించే చోట మా పల్లె ఉండేది. నేను చెబుతున్నది పందొమ్మిది వందల యాభైల నాటి మాట. మా ఊరి నీళ్ళ సంగతి చెప్పకుండా ఈ జ్ఞాపకంలో ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేను. ఊరి నడుమ ఉన్న సవుడు బావి నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ కట్టేది కాదు, ఆ నీళ్ళు కాచిన కుండ లోపల సున్నం కొట్టినట్లు తెల్లని పొర పేరుకునేది. తాగే నీళ్ళకు వంక ఒడ్డున మరొక బావి ఉండేది. వానలు పడిన నెలల్లో ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళంత తియ్యగా ఉండి, ఎండలు ముదిరేకొద్దీ ఉప్పెక్కుతూ పోయేవి. వేసవిలోనైతే రాత్రంతా ఊరిన ఊటనీరు తెల్లవారి తొలి బిందెకు కాస్త తియ్యగా అందేది. పొద్దెక్కి అడుగునీళ్ళు కదిలాక అదే బావిలో నీళ్ళు నాలుకకు జివ్వుమనేవి. అందుకే ఆడవాళ్ళు చీకటితోనే బిందెలెత్తుకొని పరుగెత్తేవారు. పొద్దున తియ్యగానూ ఎండపూట ఉప్పగానూ ఉండడం నీళ్ళ స్వభావమనీ, లోకంలోని నీళ్ళన్నీ అంతేననీ నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి.

మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, అప్పటికే రెండు కళ్ళకూ పొర కమ్మింది. వెలుతురూ నీడా తప్ప ఆమెకు మరేమీ తెలిసేది కాదు. ఆకువక్క నములుతూ, ఎడమచేతిని నా భుజం మీద ఆనించి, నన్ను ముందు నడిపిస్తూ ఆమె ఊరంతా తిరిగేది. నేను చిల్లాకట్టె ఆడుతున్నా, చింతతోపులో దోరకాయలు రాలగొడుతున్నా ఆమె పిలుపు వినబడగానే వెళ్ళవలసిందే. దానికి బదులుగా ఉగాదికి చేసిన ఓళిగలలో, అంటే బొబ్బట్లలో, నెయ్యి ఎక్కువ పట్టినది నాకోసం ఆమె కొంగులో దాగి ఉండేది. నడుస్తూ నేను ఆమెకు లోకాన్ని చెప్పాలి. ఎవరి మిద్దె మీద ఏమి ఎండబోసినారో, ఎవరి ఎద్దు కుంటుతున్నదో, పడమటి దిక్కున మబ్బు పట్టిందో లేదో, అన్నీ చెప్పాలి. ఏదైనా కొంచెం పెంచి చెబితే ఆమె వెంటనే కనిపెట్టేది. "చూసింది చెప్పప్పా, అనుకున్నది చెప్పద్దు" అనేది. నా జీవితంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. తరువాత నేను చదివిన చదువులన్నీ దానికి వ్యాఖ్యానాలే.

ఆ సంవత్సరం విత్తనం వేసిన తరువాత వాన ముఖం చాటేసింది. వేరుశెనగ చెట్లు పూత దశలోనే మాడి, పెరికితే ఊడలకు కాయకు బదులు మట్టి మాత్రం అంటుకొని వచ్చింది. ప్రతి ఏటా కార్తీకంలో మా పల్లె నిండా పచ్చికాయల వాసన, కుప్పల మీద పిల్లల గంతులు, ఉప్పువేసి ఉడికించిన కాయల ఆవిరి ఉండేవి. ఆ కార్తీకంలో కళ్ళాలు ఖాళీగా ఉండి, మనుషులు చేతులు ఏమి చేసుకోవాలో తెలియక రచ్చకట్ట మీద కూర్చునేవారు. అంతకుముందు మా ఊరికి వచ్చిన హరికథా దాసు ఒకరు మబ్బులన్నీ సముద్రంలో పుట్టి వస్తాయని చెప్పిపోయారు. ఆ మాట మా అవ్వ మనసులో నాటుకుంది. గంగమ్మకు ఎన్ని కుండలు పెట్టినా ఏమి లాభం, మబ్బు పుట్టే చోటికే వెళ్ళి ఆ తల్లికే చెప్పుకోవాలని ఆమె పట్టుబట్టింది. చూపు పూర్తిగా పోకముందే, కాళ్ళు ఆడుతుండగానే, కార్తీకంలో ఒక్కసారి తనను సముద్రం దగ్గర నిలబెట్టమని నాయనను అడిగింది. నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాడు. ఇచ్చిన మాట తప్పడని ఊళ్ళో పేరున్నవాడు. తీసుకుపోతానని అన్నాడు.

అందరూ తలా కొంత వేసుకొని గుంపుగా పట్నం చూసి రావడం ఆ రోజుల్లో మా పక్క ఉన్న ఆనవాయితీ. మా ఊరి దర్జీ మస్తాన్ మామ గుడ్డల కోసం బెంగళూరికి వెళ్ళివస్తూ ఉండేవాడు కాబట్టి గుంపుకు ఆయనే దారి చూపేవాడు. మొదట మద్రాసు అనుకున్నారట. కరువు ఏడు గనుక చాలామంది వెనకాడి, ప్రయాణం బెంగళూరితో ఆగిపోయింది. ఈ మార్పు పెద్దలందరికీ తెలుసు. అవ్వకూ నాకూ మాత్రం ఎవరూ చెప్పలేదు. మేము పట్నం పోతున్నామని మాకు తెలుసు, పట్నంలో సముద్రం ఉంటుందని మాకు తెలుసు; ఒకే పంతులుగారున్న మా బడిలో ఎక్కాల పలకలు తప్ప దేశపటం ఉండేది కాదు.

బయలుదేరే ముందు రోజు అమ్మ కట్టెలపొయ్యి దగ్గర కూర్చొని, నెల దాటినా చెడని ఎండు జొన్నరొట్టెలు తట్టి, పాతపంచె గుడ్డలో మూట కట్టింది. శెనక్కాయల పొడి, చింతపండు తొక్కు, బొరుగులు, బెల్లం వేరు వేరు మూటలయ్యాయి. చంటిచెల్లెలితో తాను ఇంట్లోనే ఉండిపోయింది. అవ్వ మాత్రం ఎవరినీ తాకనివ్వకుండా తన మూట తానే కట్టుకుంది. అందులో పసుపు, కుంకుమ, ఆ ఏడు మాకు మిగిలిన విత్తనపు కాయలలో నుంచి తీసిన ఒక గుప్పెడు కాయలు ఉన్నాయి. అవి సముద్రానికి మా ఇంటి విన్నపం.

హిందూపురంలో రైలెక్కాము. బొగ్గునలుసులు కళ్ళలో పడుతున్నా నేను కిటికీ వదలలేదు. బెంగళూరిలో దిగి, స్టేషనుకు దగ్గరలోని సత్రంలో ఒక వరండా సంపాదించి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించి, ఉన్న నూకలతో అన్నం వండుకున్నాము. తరువాత ఎక్కడికి వెళ్ళినా నడకే. బస్సు ఎక్కుదామని ఎవరైనా అంటే మస్తాన్ మామ నవ్వి, "కాళ్ళు దేవుడు ఊరికే ఇచ్చినాడప్పా, టికెట్టు అడగవు" అనేవాడు. ఆ నగరం నాకు వాసనలుగా గుర్తుంది. పూలమార్కెట్టులో కాళ్ళ కింద నలిగిన చేమంతులు, హోటళ్ళ గుమ్మాల్లో వేగుతున్న కాఫీగింజలు, గుర్రపు జట్కాలు నిలిపే చోట తడిగడ్డి, లాల్‌బాగ్‌లో పేర్లు తెలియని చెట్ల బెరడు. ఒక మిఠాయి అంగడి ముందు మా గుంపంతా నిలబడి అద్దం వెనుక ఉన్నవాటిని చాలాసేపు చూసి, ఎవరూ ఏమీ కొనకుండా, మూటలోని బెల్లం తలా ముక్క నోట్లో వేసుకొని ముందుకు సాగాము. ఇవన్నీ చూస్తూ, అవ్వ చేతిని భుజం మీద మోస్తూ, ఊపిరి తిప్పుకోకుండా చెబుతూ ఉన్నాను. దీపస్తంభాలు చెప్పాను, ఒకరి వెనుక ఒకరు కూర్చొని సైకిలు తొక్కుతున్న దొరసానులను చెప్పాను. అన్నిటికీ ఆమె తలూపి, చివరకు ఒకే ప్రశ్న అడిగేది. "సముద్రం యాడికొచ్చె?"

నాయన రేపు అన్నాడు.

మరునాడు ఇంకా తెలతెలవారుతుండగానే అవ్వనూ నన్నూ లేపి నాయన నడిపించాడు. మస్తాన్ మామ ముందు నడిచాడు. మిగిలినవాళ్ళను ఎవరినీ లేపలేదు. చాలా దూరం నడిచాము. కార్తీకపు మంచు దారినిండా దూదిలాగా పరచుకొని ఉండడంతో, ఎదురుగా వస్తున్న పాలవాడి సైకిలు గంట మోగిన తరువాతే మనిషి కనిపించేవాడు. ఒకచోట గాలి చల్లబడింది, కాళ్ళ కింద రాతిమెట్లు తగిలాయి, మెట్ల కింద నీళ్ళు ఉన్నాయి. నా జన్మలో నేను అన్ని నీళ్ళు చూడలేదు. మెట్ల దగ్గర నల్లగా మొదలై, కొంచెం దూరంలో బూడిదరంగై, ఆపైన మంచులో కలిసి, ఎక్కడ ముగుస్తున్నాయో తెలియకుండా పోయాయి.

నాయన నా తలమీద చేయి వేశాడు. ఆయన అలా చేయి వేయడం చాలా అరుదు.

"చూడ్రా, ఇదే సముద్రం. అవ్వకు కండ్లు కనపడవు గదా, ఎట్లుండాదో నువ్వే చెప్పల్ల."

నేను చెప్పాను. ఒక్క మాట కూడా పెంచకుండా, చూసింది చూసినట్లు చెప్పాను. "అవ్వా, అవతల గట్టే లేదు. నీళ్ళు పోయి పోయి మబ్బులో కలిసిపోయినాయి."

అవ్వ ముఖం ఆ క్షణంలో ఎలా వెలిగిందో నేను ఈనాటికీ మరువలేదు. "ఆడనే పుడతాదంట మబ్బు. దాసు చెప్పె గదా" అన్నది. సముద్రానికి హోరు ఉంటుందంటారే, ఏదీ అని అడిగింది. గాలి లేదు గదమ్మా అన్నాడు నాయన. ఆమె మెట్టు మీద కూర్చొని, నీళ్ళలో పసుపు కుంకుమ వదిలి, విత్తనపు కాయలు ఒక్కొక్కటే జారవిడుస్తూ, మా పొలం గుర్తులన్నీ చెప్పి, తూర్పున గుట్ట, పడమట వంక, నడుమ రెండు రేగుచెట్లు, అక్కడికి మబ్బును తోలమని, ఇరుగుపొరుగు ఆడమనిషితో చెప్పినట్లు ఆ నీళ్ళతో చెప్పుకుంది. నేను దోసిలితో నీళ్ళు తీసి తాగి ఆశ్చర్యపోయాను. సముద్రం ఉప్పగా ఉంటుందని దాసు చెప్పారు, ఇవి తియ్యగా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

నాయన తడుముకోలేదు. "పొద్దున పూట అట్లే ఉంటాయి. ఎండెక్కితే ఉప్పెక్కుతాయి. మన వంక బావి మాదిరి."

నాకు వెంటనే సమాధానం దొరికింది. అవ్వ కూడా నిజమేనన్నట్లు తలూపింది. మస్తాన్ మామ మాత్రం మాకు కొంచెం దూరంగా, వీపు తిప్పి నిలబడి, ఆరిపోయిన బీడీని మళ్ళీ మళ్ళీ ముట్టిస్తూ ఉన్నాడు. ఆయనను కూడా నేను పిలిచి, చూసినావా మామా, ఎంత సముద్రమో అన్నాను. "నీళ్ళు బాగుండాయప్పా" అన్నాడాయన. నేను అవ్వ తైలం సీసాను కడిగి నింపుకున్నాను. ఇంకాసేపు ఉందామని ఏడుపు ముఖం పెట్టాను. తూర్పు ఎర్రబడుతున్నది. నాయన మమ్మల్ని ఎప్పుడూ లేనంత తొందరపెట్టి, వెనక్కి తిరిగి చూడనివ్వకుండా తీసుకువచ్చాడు.

ఆ సీసా దేవుని గూట్లోకి వెళ్ళింది. ఊరి ఆడవాళ్ళు వచ్చి కళ్ళకు అద్దుకున్నారు. ప్రతి కార్తీకంలోనూ దీపం పెట్టిన తరువాత అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని సముద్రం ఎట్లుండెనో చెప్పమనేది, నేను చెప్పేవాణ్ణి. మరుసటి ఏడు వానలు మళ్ళీ తప్పిపోయాయి. అవ్వ ఆకాశాన్ని అనలేదు, సముద్రాన్ని అనలేదు. తన వల్లనే ఏదో లోపం జరిగిందని నిశ్చయించుకుంది. తలమీద నీళ్ళు పోసుకోకుండా వట్టి కాళ్ళూ చేతులూ కడుక్కొని మొక్కానని, పొలం గుర్తులు చెప్పేటప్పుడు రేగుచెట్ల మాట తొందరలో తప్పు చెప్పానేమోనని, రోజుల తరబడి తనను తాను తిట్టుకుంది. అన్నం దగ్గర కూర్చొని, అంత దూరం పోయి కూడా సరిగా అడగలేకపోయిన పాపిష్టిదాన్నని ఏడ్చింది. నాయన ఎదురుగా కూర్చొని అంతా విని, చేయి కడుక్కొని లేచిపోయేవాడు.

తరువాత నేను హిందూపురంలో హైస్కూలులో చేరాను. అక్కడ భూగోళం చెప్పే తరగతిలో గోడకు పెద్ద పటం వేలాడుతూ ఉండేది. సముద్రాన్ని చూసినవారు ఎవరైనా ఉన్నారా అని అయ్యవారు అడిగారు. నేనొక్కణ్ణే లేచి నిలబడ్డాను. ఎక్కడ చూశావని అడిగితే బెంగళూరులో అన్నాను. ఆయన కోపగించుకోలేదు, నన్ను పటం దగ్గరికి పిలిచి, బెంగళూరు మీద నా వేలు పెట్టించి, అక్కడి నుంచి నీలిరంగు ఎంత దూరమో కొలవమన్నారు. అది అలసూరు చెరువు అయి ఉంటుందని కూడా చెప్పారు. నేను పటం తప్పయి ఉండవచ్చునని అన్నాను. మా నాయన చెప్పాడని అన్నాను. పొద్దున పూట తియ్యగా ఉంటుందని కూడా అన్నాను. ఆ దినం నుంచి నా పేరు పోయింది. హాస్టలు భోజనాల వరుసలో, బంతాటలో, దారిలో, "ఏమప్పా సముద్రం, పొద్దున తియ్యగుంటివి, ఇప్పుడు ఉప్పెక్కినావా?" అని పలకరించేవారు.

అయినా నేను పటం మాట నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకొక ఉపాయం కూడా తోచింది. సెలవులకు ఇంటికి వెళ్ళి, రెండు సత్తుపళ్ళాలు తీసుకొని, ఒకదానిలో మా సవుడు బావి నీళ్ళు, రెండవదానిలో దేవుని గూటిలోని సీసా నుంచి సగం నీళ్ళు పోసి మిద్దె మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి బావినీళ్ళ పళ్ళెంలో తెల్లని పొర కట్టింది. రెండవ పళ్ళెంలో ఏమీ లేదు. వేలితో అడుగును రాసి నాలుక మీద పెట్టుకున్నాను, సత్తు రుచి తప్ప మరేమీ తగల్లేదు. అప్పుడు నిచ్చెన మీద నాయన తల కనిపించింది. ఆయన రెండు పళ్ళాలనూ చూశాడు, నన్ను చూశాడు. చదువు లేకపోయినా ఆ పళ్ళాలు చెబుతున్నదేమిటో ఆయనకు తెలిసిపోయింది.

"మద్రాసు దాకా తీసకపోలేకపోతినిరా" అన్నాడు. నిచ్చెన దిగబోతూ, "ఆమెకు చెప్పొద్దు" అన్నాడు.

అంతే. నన్ను గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ క్షణంలో నాకు అన్నీ వరుసగా అర్థమయ్యాయి. ఎండ రాకముందే ఎందుకు లేపాడో, మిగిలినవాళ్ళను ఎందుకు లేపలేదో, మంచు విడవకముందే ఎందుకు తీసుకువచ్చాడో తెలిసింది. తల్లితో తానే అబద్ధం చెప్పి ఉంటే నేను క్షమించి ఉండేవాణ్ణి. ఆయన మాటలో ఆమె లోపం పట్టగలదు. నా మాటలో పట్టలేదు, ఎందుకంటే నేను నిజమే చెబుతున్నాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. నా తలమీద వేసిన ఆ చేయి, ఎంతో అపురూపంగా నేను దాచుకున్న ఆ చేయి, ఆ పనికోసం వేసినది.

ఆ కార్తీకంలో దీపం పెట్టిన తరువాత అవ్వ ఎప్పటిలాగే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. చెప్పప్పా అన్నది. నాయన వాకిట్లో పగ్గం పేనుతూ ఉన్నాడు. ఆయన చేతులు ఆగిపోవడం నాకు కనిపించింది. నేను చెప్పాను. పాత మాటలే చెప్పాను, ఒక్కటి కూడా మార్చలేదు. అవతల గట్టే లేదన్నాను. నీళ్ళు మబ్బులో కలిసిపోయినాయన్నాను.

 అవ్వ ఆకువక్క నమలడం మానేసింది.

"ఈతూరి చూసినట్ల చెప్పలేదప్పా నువ్వు" అన్నది. "మీ నాయన చెప్పినట్ల చెప్తాండావు."

మళ్ళీ ఎన్నడూ ఆమె సముద్రం మాట ఎత్తలేదు. వానలు రానందుకు తనను తాను తిట్టుకోవడం కూడా ఆ రాత్రితోనే మానేసింది, అందుకు నేను సంతోషించాలి. కానీ మరునాడు పొద్దున నేను ఎప్పటిలాగే వాకిట్లో భుజం వంచి నిలబడితే, ఆమె నా పక్క నుంచి గోడ తడుముకుంటూ వెళ్ళి, మూలన ఉన్న చింతకట్టెను చేతికి తీసుకుంది. బ్రతికినన్నాళ్ళూ ఆ కట్టె పట్టుకొనే తిరిగింది. నన్ను ప్రేమించింది, ఓళిగ దాచిపెట్టింది, పరీక్ష ప్యాసైన ప్రతిసారీ దిష్టి తీసింది. భుజం మాత్రం పట్టుకోలేదు.

మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అరవైలలో, చివరి పరీక్ష రాసిన తరువాత, ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూకు మద్రాసు వెళ్ళి, మొదటిసారిగా సముద్రం ముందు నిలబడ్డాను. హోరు ఉంది, ఉప్పు ఉంది, దాసు చెప్పినవన్నీ ఉన్నాయి. నా కళ్ళు మాత్రం వాటి మీద నిలవలేదు. నేను అవతలి గట్టు కోసం వెతుకుతున్నాను. పొద్దున్నే గనుక దూరాన పల్చని పొగమంచు ఉంది. అది కరిగేవరకు, ఎండ నడినెత్తికి వచ్చి ఇసుక కాలేవరకు కూర్చొని, గట్టు నిజంగానే లేదని తేల్చుకొని లేచాను. నాయన చనిపోయేదాకా ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయనా సముద్రం చూడలేదు.

ఇప్పుడు మా ఊరి సవుడు బావిని పూడ్చి దానిమీద సిమెంటు అరుగు కట్టారు. తాగే నీళ్ళు డబ్బాలలో వస్తాయి. పొద్దునా సాయంత్రమూ వాటికి ఒకే రుచి, నిజానికి ఏ రుచీ లేదు. తెల్లవారి తొలి బిందె తియ్యగా ఉంటుందని చెబితే నమ్మేవారు మా పల్లెలో లేరు. మూటలు కట్టుకొని గుంపుగా నడిచి పట్నం చూసేవారు, సత్రపు వరండాలలో మూడు రాళ్ళ పొయ్యిలు, ఎండు జొన్నరొట్టెలు అన్నీ పోయాయి. మొన్న బెంగళూరికి వెళ్ళినప్పుడు ఆ చెరువు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. మంచు లేదు. అవతలి గట్టు, దానిమీద మేడలు, వాటి కిటికీలలో ఆరవేసిన బట్టలు కూడా స్పష్టంగా కనబడుతున్నాయి. మెట్ల మీద ఎవరో ఒక తండ్రి తన బిడ్డకు ఏదో చూపిస్తూ, తలమీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. ఆయన ఏమి చెబుతున్నాడో వినబడేంత దగ్గరికి వెళ్ళకుండా నేను వెనక్కి తిరిగాను.